మెమో ఇస్తే ఫలితం పెరిగిందనుకున్నాను

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక మాట గట్టిగా నమ్మాను. బడి ఫలితం పడిపోతే హెడ్మాస్టరును సమావేశంలో నిలబెట్టి అడగాలి, చేతిలో మెమో పెట్టాలి, అప్పుడు మరుసటి ఏడు ఫలితం పెరుగుతుంది. మంచి ఫలితం తెచ్చినవాళ్ళకు శాలువా కప్పి జ్ఞాపిక ఇస్తే మాత్రం ఆ బడి మరుసటి ఏడు జారుతుంది. పొగడ్త మనుషుల్ని చెడగొడుతుంది, భయం పనిచేయిస్తుంది. నేను నేర్చుకున్న పరిపాలన ఇదే. ఎవరో చెబితే నమ్మింది కాదు. జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో పరీక్షల విభాగం చూసేవాణ్ణి. ఏటా పదో తరగతి ఫలితాల పట్టికలు నా చేతుల మీదుగానే తయారయ్యేవి. ఆ పట్టికలో ఎరుపు రంగు పడిన బడి మెమో అందుకున్నాక పసుపులోకీ ఆకుపచ్చలోకీ రావడం కళ్ళారా చూశాను. శాలువా కప్పించుకున్న బడి కిందికి దిగడమూ చూశాను. సన్మానాల జాబితా కుదించాలనీ, అవి టీచర్లలో అలసత్వం పెంచుతున్నాయనీ ఫైలు మీద నోట్ కూడా రాశాను.

చూసింది నిజం. దానికి నేను చెప్పుకున్న కారణం మాత్రం వట్టిది. ఆ సంగతి పదవీ విరమణ చేశాక గానీ నాకు తెలియలేదు. అప్పటికే ఎందరి సర్వీసు రిజిస్టర్లలోకో నా మాటలు ఎక్కిపోయాయి.

ఫలితాల రోజు ఎలా ఉండేదో చెప్పాలి. రాష్ట్రం నుంచి ఫైలు రాగానే యాజమాన్యాల వారీగా విడదీసేవాళ్ళం. జిల్లా పరిషత్, ప్రభుత్వ, మున్సిపల్, ఎయిడెడ్, గురుకులం, కస్తూర్బా, ఆశ్రమ, ప్రైవేటు. ఎందరు రాశారు, ఎందరు పాసయ్యారు, శాతం ఎంత. ఆ శాతాన్ని పైనుంచి కిందికి వరుస పెడితే పట్టిక సిద్ధం. జిల్లా రాష్ట్రంలో ఎన్నో స్థానంలో ఉందో ఆ పూటే తేలేది. పత్రికల వాళ్ళకు కావలసింది అదొక్కటే, కలెక్టరు గారు మొదట అడిగేదీ అదే. స్థానం దిగితే రాత్రికల్లా ఫోన్లు మోగేవి. మేము మండల విద్యాధికారులకు, వాళ్ళు హెచ్ఎంలకు, హెచ్ఎంలు సబ్జెక్టు టీచర్లకు. నూటికి నూరు వచ్చిన బడుల జాబితా సన్మానానికి పోయేది, అట్టడుగు బడుల జాబితా సంజాయిషీకి పోయేది. ఒక్క దశాంశం కూడా తప్పు పోకూడదని రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని సరిచూసేవాణ్ణి. ఆ అంకె దేన్ని కొలుస్తోందని మాత్రం నన్ను నేను ఒక్కనాడూ అడుక్కోలేదు.

డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మిత్రుడొకరు మా పక్క వీధిలో ఉంటారు. సాయంత్రం నడకలో నా మెమోల అనుభవం చెప్పుకొచ్చాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. "మీ పట్టికలో ఏ బడిలో ఎంతమంది పిల్లలో ఉందా?" అని మాత్రం అడిగారు. ఉంది. నా దగ్గర మిగిలిన పాత ప్రతులు తీసుకెళ్ళి చూపించాను. నూటికి నూరు తెచ్చిన బడుల్లో చాలావరకు పదిమంది, పన్నెండు మంది, పదిహేను మంది పిల్లలున్నవి. అది నాకు తెలిసిందే. చిన్న బడిలో టీచరు ప్రతి బిడ్డనూ పేరుపెట్టి పట్టించుకుంటాడు కాబట్టి అలా వస్తుందని చెప్పాను. అయితే కింది వరుసలు కూడా చూడండి అన్నారు. అట్టడుగున ఉన్నవాటిలోనూ చాలావరకు అలాంటి చిన్న బడులే. ఇన్నేళ్ళూ ఒకే కాగితం పై భాగం ఒకరోజు, కింది భాగం మరోరోజు చదివానే తప్ప రెండూ కలిపి చూడలేదు.

ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. జిల్లాలోని బడులన్నీ ఒకేలాంటివి అనుకుందాం. టీచర్లు ఒకేలా చెబుతారు, ప్రతి బిడ్డకూ పాసయ్యే అవకాశం నూటికి 85. పన్నెండు మంది చొప్పున రాసే బడులు 100 ఉన్నాయనుకుంటే, ఏ ప్రత్యేకతా లేకుండానే వాటిలో దాదాపు 14 బడుల్లో అందరూ పాసవుతారు. దాదాపు 9 బడుల్లో నలుగురో అంతకు మించో తప్పి ఫలితం 67 శాతం లోపుకి పడిపోతుంది. 14 మంది హెచ్ఎంలకు శాలువాలు, 9 మందికి మెమోలు. ఆ ఇరవై మూడు మంది మధ్యా పనిలో వీసమెత్తు తేడా లేదు. ఇక 120 మంది రాసే బడిలో అందరూ పాసవడమనేది ఈ లెక్కన దాదాపు జరగని పని. అంత పెద్ద బడి హెచ్ఎం ఎంత కష్టపడినా మా సన్మాన జాబితాకు అందే దారే లేదు. పన్నెండు మందిలో ఒక్క బిడ్డకు పరీక్ష నాడు జ్వరం వస్తే 8 శాతం పైగా పోతుంది. 120 మందిలో ఒకరు తప్పితే ఒక శాతం కూడా పోదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో బడులకు మార్కుల్ని బట్టి గుర్తింపునిచ్చే పద్ధతుల్ని పరిశీలించి 2002లోనే రాశారు. నార్త్ కరోలినా బడుల లెక్కల్లో పై వరుసల్లోనూ కింది వరుసల్లోనూ చిన్న బడులే ఎక్కువగా తేలుతాయనీ, ఒక ఏడాది అంకె మీద బహుమతి గానీ శిక్ష గానీ నిలబెట్టడం ప్రమాదమనీ అందులో ఉంది. నేను అదే తప్పును ఏటా కార్యాలయం ముద్ర వేసి చేస్తూ వచ్చాను.

మెమో సంగతి కూడా ఇక్కడే తేలింది. ఒక ఏడు అదృష్టం కలిసొచ్చి పైకెక్కిన బడి, మరుసటి ఏడు అదే అదృష్టం లేక తన మామూలు చోటుకు దిగుతుంది. దురదృష్టం వల్ల పడిన బడి, ఎవరూ ఏమీ అనకపోయినా తన చోటుకు లేస్తుంది. మధ్యలో నేను శాలువా కప్పాను కాబట్టి దిగిందనుకున్నాను, మెమో ఇచ్చాను కాబట్టి లేచిందనుకున్నాను. డానియెల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు పాఠం చెబుతూ ఇలాంటి నమ్మకాన్నే ఎదుర్కొన్నారట. విమానం బాగా నడిపినవాణ్ణి మెచ్చుకుంటే తర్వాతిసారి చెడగొడుతున్నాడు, తప్పు చేసినవాణ్ణి తిడితే బాగు చేస్తున్నాడు కాబట్టి పొగడ్త పనికిరాదని అక్కడి శిక్షకుడొకరు వాదించారు. ఆయన చూసిందీ నిజమే. కానీ తిట్టినా తిట్టకపోయినా అంతే జరిగేది. 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనిషి, ఆ వాదన విన్న క్షణాన్ని తన వృత్తి జీవితంలో గొప్ప ఆనందమిచ్చిన క్షణంగా చెప్పుకున్నారు. ఇది ఆయన రాసుకున్న పేజీలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా మెమోలు ఎవరెవరి చేతుల్లోకి వెళ్ళాయో ఒక్కొక్కరూ గుర్తొచ్చారు.

వాళ్ళలో ఒక మేడమ్ ఉన్నారు. పెద్ద ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు. పదో తరగతే మూడు సెక్షన్లు. ఆ ఏడు గణితం పోస్టు ఖాళీ, పక్క బడి నుంచి వారానికి కొన్నాళ్ళు సర్దుబాటు మీద ఒకరు వచ్చేవారు. సంక్రాంతి దాటగానే మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్ళే కుటుంబాలు ఆ ఊళ్ళో చాలా ఉన్నాయి. తల్లిదండ్రులతో పాటు పిల్లలూ వెళ్ళిపోతారు, పరీక్షలకు కాస్త ముందు కొందరు తిరిగొస్తారు. సమీక్షా సమావేశంలో ఆమె లేచి నిలబడి, పరీక్ష రాసేవాళ్ళ పేర్లు పంపే నామినల్ రోల్స్ గురించి చెప్పింది ఇదే. "సార్, వలస వెళ్ళిన పిల్లల్ని నామినల్ రోల్స్‌లో నేనే ఉంచాను. తీసేస్తే నా శాతం పెరుగుతుంది. కానీ వాళ్ళు ఇంకెప్పటికీ పరీక్ష రాయరు." ఆ మాటకు నేను, సాకులు చెప్పవద్దన్నాను. పక్క మండలంలో నూటికి నూరు తెచ్చిన చిన్న బడి పేరెత్తి ఆమెను దానితో పోల్చాను. హాలు నిండా హెచ్ఎంలు ఉన్నారు. వాళ్ళంతా ఆ రోజు నా దగ్గర ఒక పాఠం నేర్చుకుని వెళ్ళారు. వెనుకబడిన బిడ్డను రోల్స్‌లో ఉంచితే నష్టపోతావు అన్నదే ఆ పాఠం.

అది వాళ్ళు ఎంత బాగా నేర్చుకున్నారో తర్వాతి ఏళ్ళలో కనబడింది. నామినల్ రోల్స్ పంపే ముందు వడపోత మొదలైంది. తొమ్మిదిలో తడబడే పిల్లవాడి తండ్రిని పిలిపించి, ఓపెన్ స్కూల్లో కట్టిస్తే సులువని చెప్పేవారు. హాజరు తక్కువని కొందరి ఫీజు కట్టించుకునేవారు కాదు. టీసీ తీసుకుని ఏ బడిలోనూ చేరనివాళ్ళూ ఉండేవారు. మా పట్టిక అడిగేది రాసినవారిలో ఎందరు పాసయ్యారన్నది. రాయని బిడ్డ ఆ పట్టికలో ఎక్కడా లేడు. పాసైన లెక్కలోనూ లేడు, తప్పిన లెక్కలోనూ లేడు. ఇదంతా నాకు తెలియదని చెప్పను. చెవిన పడుతూనే ఉండేది. అది హెచ్ఎంల నిజాయితీ సమస్య అనుకున్నాను. వాళ్ళకు ఆ దారి చూపించింది నా పట్టికే అన్న ఆలోచన నాకు రాలేదు. నా ఉద్యోగ జీవితంలో ఇంతకు మించిన మూర్ఖత్వం లేదు. చదువు రాని పిల్లల్ని వెతికి పట్టుకోవడానికి పెట్టిన కొలత, నా చేతుల్లో వాళ్ళను కనబడకుండా చేసే కొలత అయింది.

ఆ మేడమ్ ఉత్తమ ప్రధానోపాధ్యాయుల ప్రతిపాదనల్లోకి ఎప్పుడూ రాలేదు. దరఖాస్తు నమూనాలో మూడేళ్ళ ఉత్తీర్ణతా శాతం అడుగుతారు. అది ఉన్నంతకాలం ఆమె వచ్చే వీలూ లేదు.

జిల్లా స్థాయిలో నేను చేసిందే రాష్ట్రాల స్థాయిలో ఇంకా పెద్ద అంకెలతో జరుగుతూ ఉంటుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. ఆ తర్వాత రెండేళ్ళు కోవిడ్ వల్ల పరీక్షలు లేకుండానే అందరినీ పాస్ చేశారు. 2022లో మళ్ళీ పరీక్ష పెడితే 67.26 శాతం. మూడేళ్ళలో 27 శాతానికి పైగా పడిపోయింది. అంతకుముందు 20 మార్కులు బడిలోనే వేసే ఇంటర్నల్స్ ఉండేవి, అవి పోయాయి. పేపర్లు పదకొండు నుంచి ఏడుకు తగ్గాయి. తొమ్మిదో తరగతిలో సరిగా బడి చూడని పిల్లలు పదో తరగతి రాశారు. ఇన్ని మారాక రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి టీచర్లు చెడిపోయారనడం అన్యాయం. 2024లో 86.69కి ఎక్కింది, 2025లో 81.14కి దిగింది. ఎక్కిన ఏడు అభినందనలు, దిగిన ఏడు సంజాయిషీలు. 94.88 రోజుల్లో ఐదో తరగతి పుస్తకం తడుముకోకుండా చదవలేని పిల్లల్ని పదో తరగతి గదుల్లో నేనే చూశాను. ఆ అంకె కూడా నిజం చెప్పలేదు. కానీ అప్పుడు మాకు శాలువాలు వస్తున్నాయి కాబట్టి ఎవరమూ అడగలేదు.

2022లో కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా 2023 నుంచి వరుసగా మూడేళ్ళు రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. గిరిజన ప్రాంతం, ఆశ్రమ పాఠశాలలూ హాస్టళ్ళూ ఎక్కువ. 2024లో అక్కడ 96 శాతం దాటితే, చివరి స్థానంలో ఉన్న కర్నూలు జిల్లాలో 62 శాతం. కర్నూలు పడమటి మండలాల నుంచి ఏటా ఎన్ని కుటుంబాలు వలస పోతాయో ఆ వైపు పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెడతారు, అవి అందరికీ అందవు. మన్యం టీచర్ల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. మూడేళ్ళు వరుసగా, అదీ జిల్లా అంత పెద్ద సంఖ్యలో, అదృష్టం ఒక్కటే నిలబెట్టదు. అందుకే అక్కడ ఏం జరుగుతోందో నిజంగా తెలుసుకోవాలి. బిడ్డ రాత్రి కూడా బడిలోనే ఉండి చదవడం వల్లనా, బోధన వల్లనా, రోల్స్‌లోకి ఎవరు వస్తున్నారన్నదాని వల్లనా? స్థానం చెప్పి చప్పట్లు కొట్టి ఊరుకుంటే ఆ జిల్లా దగ్గర కర్నూలు నేర్చుకోగలిగింది ఏమీ ఉండదు.

కేంద్రం వైపు నుంచి వచ్చే సూచికలు దీనికంటే విశాలమైనవి. 2017-18 నుంచి రాష్ట్రాలకు పనితీరు గ్రేడింగ్ సూచిక, అంటే పీజీఐ, వేస్తున్నారు. మొదట్లో 70 అంశాలు, 1000 పాయింట్లు. వాటిలో పిల్లలు ఏం నేర్చుకున్నారన్నదానికి 180. పరిపాలనా ప్రక్రియలకు 360. ఆధార్ అనుసంధానం, ఆన్‌లైన్ హాజరు, నిధుల విడుదల, వివరాల నమోదు వంటివి ఆ పద్దులోకి వస్తాయి. మేము ఎక్కడ కష్టపడ్డామో వేరే చెప్పక్కర్లేదు. బిడ్డకు భాగహారం నేర్పడానికి ఏడాది పడుతుంది, పోర్టల్లో గడులు నింపడానికి ఒక వారం చాలు. 2020-21లో ఆంధ్రప్రదేశ్‌కు 902 పాయింట్లు వచ్చాయి, దేశంలో పై వరుస రాష్ట్రాల్లో నిలిచింది. మరుసటి ఏడు సూచికను సవరించి 73 అంశాలు చేశారు, నేర్చుకోవడానికి 240 ఇచ్చారు, పరిపాలన పాయింట్లను 130కి కుదించారు. ఆ ఏడు పై ఐదు గ్రేడ్లను దేశంలో ఒక్క రాష్ట్రమూ అందుకోలేదు. బడులు ఒక్క ఏడులో మారలేదు, తూనికరాళ్ళు మారాయి.

మరొక చిక్కు. ఆ సూచికలో సమానత్వం కింద ఇచ్చే పాయింట్లలో కొన్నిటిని సామాజిక వర్గాల మధ్య మార్కుల తేడాను బట్టి వేస్తారు. తేడా తగ్గితే పాయింట్లు పెరుగుతాయి. దళిత, గిరిజన పిల్లలు ఎదిగి ఆ తేడా తగ్గవచ్చు, మిగతా పిల్లలు దిగజారి కూడా తగ్గవచ్చు. పాయింట్లు రెండింటికీ ఒకటే. సమానత్వాన్ని కొలవాలన్న తపన గొప్పది, అందుకే దాన్ని ఇంకాస్త జాగ్రత్తగా కొలవాలని అడుగుతున్నాను.

ఆ సూచికలోని నేర్చుకోవడం పద్దు మొదట్లో జాతీయ సాధనా సర్వే, అంటే న్యాస్ మార్కుల మీద నిలబడింది. ఆ సర్వేలు 2017లో, 2021లో జరిగాయి. అది బడిలో జరిగే పరీక్ష. 2005 నుంచి ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో వచ్చే అసర్ సర్వే వాళ్ళు ఊళ్ళోకి వెళ్ళి, ఇంటి గుమ్మంలో బిడ్డను కూర్చోబెట్టి, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు, తీసివేతలూ భాగహారాలూ చేయిస్తారు. రెండింటినీ పోల్చిన పరిశోధకులకు రాష్ట్రాల వరుస కూడా కలవలేదు. ప్రభుత్వ సర్వేలో మార్కులు ఎక్కువగా కనబడ్డాయి. అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వం జరిపిన పరీక్షనే బయటివాళ్ళ చేత మళ్ళీ పెట్టించి, అధికారిక మార్కులు అసలు కంటే ఎంతో ఎక్కువగా ఉన్నాయని చూపించారు. ఆంధ్రప్రదేశ్‌లో కాగితం మీద కాక ట్యాబ్‌లో పరీక్ష పెట్టినప్పుడు కాపీ బాగా తగ్గిందని కూడా ఆ పరిశోధన చెబుతుంది. అసర్ నివేదిక వచ్చిన ప్రతిసారీ మా కార్యాలయంలో దాన్ని ఖండిస్తూ ఒక వివరణ తయారయ్యేది. రెండు మూడు సార్లు ఆ వివరణ రాసింది నేనే. సర్వే చేసిన ఊళ్ళలో ఒక్కదానికైనా వెళ్ళి, ఒక్క బిడ్డ చేతనైనా ఆ కథ చదివించి చూడకుండా రాశాను.

నన్ను ఎక్కువగా బాధించే విషయం ఇంకొకటి ఉంది. సరైన కొలత ఎలా ఉంటుందో చూపిన ప్రయోగం మన దగ్గరే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 2005లో మొదలైంది. నేనప్పటికే శాఖలో ఉన్నాను. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ రూపొందించారు, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ నడిపించింది. ఐదు జిల్లాల్లో, జిల్లాకు 100 చొప్పున 500 ప్రాథమిక బడులు. ఏడాది మొదట్లో పిల్లలకు పరీక్ష పెట్టారు, ఏడాది చివర మళ్ళీ పెట్టారు. వాటిలో కొన్ని బడుల్లో టీచరుకు బోనస్ పెట్టారు, అదీ బిడ్డకు వచ్చిన మార్కుల మీద కాదు, ఆ రెండు పరీక్షల మధ్య బిడ్డ ఎదిగినదాని మీద. సగటున 5 శాతం దాటిన తర్వాత ప్రతి శాతానికీ 500 రూపాయలు. మొదటి పరీక్ష రాసి చివరి పరీక్షకు రాని బిడ్డకు ఎదుగుదల సున్నాగా వేశారు. వెనుకబడిన బిడ్డను ఆ రోజు ఇంటి దగ్గర ఉండమంటే టీచరుకే నష్టం. రెండేళ్ళకు బోనస్ పెట్టిన బడుల పిల్లలు మిగతావాళ్ళ కంటే గణితంలోనూ భాషలోనూ స్పష్టంగా ముందున్నారు. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

పరీక్షకు రాని బిడ్డకు సున్నా వేయడం అన్న ఒక్క నియమం చాలు. మేడమ్ రోల్స్‌లోంచి ఎవరినీ తీయకుండా ఉంచిన పని ఆ నియమం కింద మెప్పు పొందేది. నా పట్టికలో నేరమైంది. ఆ ప్రయోగం జరుగుతున్నట్టు ఏవో సర్క్యులర్లలో చూశాను. బయటి సంస్థల హడావిడి అనుకుని ఫైల్లో పెట్టేశాను.

ప్రైవేటు బడుల సంగతిలోనూ ఇంతే. ఫలితాల పట్టికలో ప్రైవేటు శాతాన్ని ప్రభుత్వ బడుల శాతం పక్కన పెట్టి, వాళ్ళకు చేతనైంది మీకెందుకు కాదని హెచ్ఎంలను అడిగేవాణ్ణి. అదే మురళీధరన్ బృందం ఉమ్మడి రాష్ట్రంలో మరో ప్రయోగం చేసింది. ఊళ్ళలో లాటరీ తీసి, గెలిచిన పిల్లల్ని ప్రైవేటు బడిలో చదివించారు. నాలుగేళ్ళ తర్వాత చూస్తే తెలుగులోనూ లెక్కల్లోనూ లాటరీ తగిలినవాళ్ళకూ తగలనివాళ్ళకూ తేడా లేదు. చీటీ నిర్ణయించింది కాబట్టి ఇంటి పరిస్థితుల తేడా ఇక్కడ లేదు. అంటే పట్టికలో నాకు కనబడిన ఆ పెద్ద అంతరంలో చాలా భాగం ఇంటి నుంచి వచ్చినదే. అయితే ప్రభుత్వ బడి దీన్ని చూసి సంతోషించడానికీ లేదు. ఆ ప్రైవేటు బడుల్లో ఒక్కో బిడ్డ మీద అయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదని అదే పరిశోధన చెప్పింది.

ఇంత రాశాక కొలవడమే వద్దంటున్నానని ఎవరూ అనుకోకూడదు. కొలత లేకపోతే ఏడో తరగతిలో కూర్చుని తన పేరు రాయలేని పిల్ల సంగతి ఎవరికీ పట్టదు. బాగా పనిచేసే టీచరుకు గుర్తింపు కావాలి. ఎండలో ఊరి చివరి ఇళ్ళకు తిరిగి పిల్లల్ని బడికి తెచ్చుకునేవాళ్ళకు నలుగురిలో ఒక మాట దక్కాలి. సన్మానాలు తగ్గించమని నేను రాసిన నోట్ తప్పు, ఎందుకు తప్పో ఇప్పుడు చెప్పగలను. శాలువా ఎవరి భుజాన పడాలో తేల్చే పద్ధతి చెడ్డది, శాలువా కాదు.

నా తర్వాత ఆ విభాగంలో పనిచేస్తున్న కుర్రవాడు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు. ఈ లెక్కలన్నీ అతనికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "సార్, అంతా బాగుంది. కానీ సమీక్షలో అడిగేది ఒక్క అంకె. పది నిలువు గడులు పెడితే ఎవరూ చూడరు" అన్నాడు. అతను చెప్పింది సబబే. అందుకని ఆ ఒక్క అంకెనే మార్చి చూద్దామన్నాను. కింద పెట్టే సంఖ్య పరీక్ష రాసినవారిది కాకుండా, రెండేళ్ళ కిందట ఆ బడిలో ఎనిమిదో తరగతిలో పేరున్న పిల్లలందరిదీ కావాలి. టీసీతో వేరే బడికి వెళ్ళి అక్కడ చదువుతున్నట్టు, పిల్లల నమోదు వివరాలుండే చైల్డ్ ఇన్ఫోలో కనబడేవాళ్ళను మాత్రమే మినహాయించాలి. ఎక్కడా కనబడనివాళ్ళు ఆ బడి లెక్కలోనే ఉండాలి. ఒక ఏడు అంకె కాకుండా మూడేళ్ళు కలిపి చూడాలి. ఇరవై మంది లోపు రాసే బడుల్ని విడి జాబితాగా పెట్టి, వాటికి మెమో గానీ సన్మానం గానీ అంకె ఒక్కటే చూసి కాకుండా, మనిషి వెళ్ళి పిల్లల చేత చదివించి, రాయించి చూశాకే ఇవ్వాలి.

ఒక మండలానికి ఇద్దరం కలిసి లెక్క కట్టాం. పాత పద్ధతిలో మొదటి స్థానంలో ఉన్న బడి మధ్యకు దిగింది. ఎనిమిదిలో ఉన్న పిల్లల్లో చాలామంది పదికి ఆ బడిలో లేరు, ఇంకెక్కడా లేరు. ఎప్పుడూ ఎరుపులో ఉండే పెద్ద హైస్కూలు పైనుంచి మూడోదైంది. నా మెమో అందుకున్న ఆ మేడమ్ పనిచేసిన హైస్కూలు అదే. ఆవిడ రిటైరై చాలా రోజులైంది, ఇప్పుడున్న హెచ్ఎం వేరు. అయినా రోల్స్‌లోంచి పిల్లల్ని తీయకపోవడం ఆ బడిలో ఆనవాయితీగా నిలిచిపోయింది. ఆవిడ ఫోన్ నంబరు సంపాదించి మాట్లాడాను. ఆ సమావేశం సంగతి ఎత్తి క్షమించమని అడిగాను. ఆవిడ వెంటనే అడిగింది వేరే. ఆ ఏడు వలస వెళ్ళి పరీక్షకు తిరిగిరాని పిల్లల పేర్లు మా కార్యాలయం రికార్డుల్లో దొరుకుతాయా అని. వాళ్ళలో కొందరి చేత ఇప్పటికైనా ఓపెన్ స్కూల్లో కట్టించవచ్చని ఆవిడ ఉద్దేశం. నామినల్ రోల్స్ పాత ప్రతులు వెతికించమని కుర్రవాడికి చెప్పాను. కొన్ని దొరికాయి, మిగతావి రికార్డు గదిలో చూస్తున్నారు. రెండు పద్ధతుల పట్టికలూ వచ్చే సమీక్షకు పక్కపక్కన పెడతానన్నాడు. మిగతా మండలాల లెక్క ఇంకా కట్టాలి. దానికి కొన్ని బడుల నుంచి ఎనిమిదో తరగతి హాజరు పట్టీలు రావాల్సి ఉంది.